నిక్షేప ధర్మము

నిక్షేపమను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. భూమిలో పాతిపెట్టబడి, త్రవ్వినవానికి దొరకు ధనము నిక్షేపము. నిధినిక్షేపములని జంటగా పలుకునప్పుడు ఈ యర్థమే మన మనసున మెదలును. ధర్మశాస్త్రకారులు వాడిన యర్థము వేరు. ఒకడు తన సొత్తును మరియొకని నమ్మి అతనియొద్ద దాచుకొనినచో అది నిక్షేపము. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున పదునెనిమిది వ్యవహారపదములు చెప్పబడినవి. వానిలో మొదటిది ఋణమును గూర్చినది. రెండవది నిక్షేపమును గూర్చినది. అప్పును అప్పగింతయు నిట్లు ప్రక్కప్రక్కనే నిలుచుట మాకు ఎల్లప్పుడు అర్థవంతముగా తోచుచుండును. మనుస్మృతిలోని అనేకవిషయములను మేము అంగీకరింపము. అంగీకరింపకుండుటయే నేటి ధర్మమని మా విద్యార్థులకు చెప్పుచున్నాము. అయినను ఈ యొక్కచోట ప్రాచీనుల బుద్ధి నిశితమైనది. మొదటి యర్థమును నమ్మినవాడు “నాకు దొరకినది నాది” యనును. రెండవ యర్థమును నమ్మినవాడు “నాయొద్ద నున్నంతమాత్రమున నాది కాదు” అనును. వస్తువొక్కటే, దానిని చేతబట్టినవాని మనసు వేరు.

ఈ భేదమును గూర్చి ఆలోచించుటకు మాకు కారణమైనవి అమెరికాయందలి గొప్ప గ్రంథాలయములు. అచ్చటి ఆదివాసుల చరిత్రకు సంబంధించిన అపురూపగ్రంథములను, వ్రాతప్రతులను, పటములను, పాటలను నేడు డిజిటలు ప్రతులుగా మార్చి లోకమునకు చూపుచున్నారు. ఈ కార్యము మంచిదా యని మేము అడుగుటలేదు. మంచిదే. ఇది దానమా, ఋణవిమోచనమా యని మాత్రము అడుగవలసియున్నది. దానమైనచో దాత యిచ్ఛ చెల్లును. ఋణమైనచో అప్పిచ్చినవాని మాట వినవలయును.

చికాగో నగరమున న్యూబెరీ గ్రంథాలయము 1887లో స్థాపితమైనది. ఎడ్వర్డు అయరు అను ధనికుడు తాను కూర్చిన గ్రంథసంచయమును 1911లో దానికి సమర్పించెను. ఆదివాసులకును ఐరోపావారికిని కలిగిన తొలి సంబంధములను దెలుపు గ్రంథములు, వ్రాతప్రతులు మున్నగునవి అందు 17,000కు మించియుండెను. అయరు కలపవర్తకుడు. రైలుపట్టాలక్రింద పరచెడు స్లీపరుదుంగలను అమ్మి సంపన్నుడయ్యెను. ఆ పట్టాలే పడమటికి సాగి, ఆదివాసుల వేటమైదానములను చీల్చి, వలసవచ్చినవారిని వారి నేలమీద దింపినవి. నేలను పోగొట్టిన వ్యాపారమే ఆ నేలయొక్క జ్ఞాపకమును కొనుటకు ధనము సమకూర్చినది. దీనిని మేము నిందగా చెప్పుటలేదు. అయరు పుస్తకములను కాల్చలేదు, కొని దాచెను. లోకమున ఈ రెండవ పని చేసినవారు తక్కువ.

కాల్చినవారెవరో చరిత్ర యెరుగును. 1562లో యుకటాను ప్రాంతమున, మానీ యను గ్రామమున, డియేగో దె లాండా యను క్రైస్తవసన్న్యాసి మాయాజాతివారి గ్రంథములను ప్రోగుచేయించి నిప్పు పెట్టించెను. ఆ జాతివారి ప్రాచీనలిపిలోని పుస్తకములు నేటికి నాలుగు మాత్రమే మిగిలియున్నవి. ఆ మతమునకే చెందిన మరియొక సన్న్యాసి ఫ్రాన్సిస్కో హిమేనెస్ వేరొక పని చేసెను. 18వ శతాబ్దారంభమున గ్వాటెమాలా కొండలలోని చిచికాస్తెనాంగో గ్రామమున, కీచే జాతివారి సృష్టికథయగు పోపోల్ వూహ్ గ్రంథమును, ఒకప్రక్క వారి భాషలోను ఒకప్రక్క స్పానిషుభాషలోను వ్రాసికొనెను. ఆయన చూచి వ్రాసిన మూలము పోయినది. ఆయన ప్రతి నిలిచినది. 19వ శతాబ్దమున బ్రాసెర్ దె బూర్బూర్ యను ఫ్రెంచి మతగురువు దానిని గ్వాటెమాలానుండి ఐరోపాకు కొనిపోయెను. చేతులు మారి అది అయరునకు చేరెను. అయరు మూలమున చికాగోకు చేరెను.

కీచే ప్రజలు నశించిపోలేదు. గ్వాటెమాలాలో నేటికిని లక్షలకొలదిగా నున్నారు. ఆ భాషయే మాటలాడుచున్నారు. వారి పూర్వులకథకు అతిప్రాచీనమైన వ్రాతప్రతి మాత్రము వారి కొండలకు వేలమైళ్ల దూరమున, వేరొక దేశమున, వేరొకరి బీరువాలో నున్నది. నిన్నటివరకు దానిని చూడగోరిన కీచే విద్యార్థి సముద్రయానమంత ఖర్చునకు సిద్ధపడవలసివచ్చెడిది. నేడు పుటపుటకును తీసిన చిత్రములు ఇంటర్నెట్టులో నున్నవి. కొండమీది పల్లెనుండియు చూడవచ్చును.

ఇచ్చట ధర్మశాస్త్రకారులెరుగని వింత యొకటి కలదు. బంగారము తిరిగి ఇచ్చినచో దాచినవాని చేయి ఖాళీయగును. అందుచేతనే నిక్షేపమును అపహరించుటకు మనుష్యులు ఆశపడుదురు. డిజిటలు ప్రతి అట్టిది కాదు. ఇచ్చినవాని యొద్దను నిలుచును. పుచ్చుకొనినవాని యొద్దకును చేరును. “ఇచ్చినచో మాకు మిగులదు” అను సాకు తొలగిపోయినది. సాకు తొలగినపిమ్మటను ఈయనివాడు లోభి. అయితే ప్రతిని ఇచ్చి, మూలమును గూర్చిన ప్రశ్నను మరపింపజూచుటయు కలదు. నగయొక్క ఛాయాచిత్రము నగ కాదు. ప్రతి చేరినంతనే ఋణము తీరినదని లెక్క మూయరాదు; వడ్డీ కొంత చెల్లినదనుట న్యాయము.

దాచినదానిని తెరచుటవలన కలుగు ఫలమెంతటిదో చూపుటకు ఒక్క నిదర్శనము చాలును. మసాచుసెట్సు తీరమునందలి వాంపనోగు జాతివారి భాషను జాన్ ఎలియటు అను మతప్రచారకుడు నేర్చి, బైబిలును అందులోనికి మార్చి 1663లో అచ్చువేయించెను. ఆ జాతివారిచేత వారి దేవతలను మరపింపజేయుటయే ఆయన యుద్దేశము. కాలక్రమమున ఆ భాష మాటలాడువారు లేకపోయిరి. నూరేండ్లకు పైగా అది యే నోటను పలుకలేదు. 1993లో ఆ జాతికే చెందిన జెస్సీ లిటిల్ డో బెయర్డు అను స్త్రీ తన భాషను తిరిగి తెచ్చుటకు పూనుకొనెను. గ్రంథాలయములలో మిగిలిన ఆ బైబిలును, పూర్వులు తమ భాషలో వ్రాసికొనిన భూమిపత్రములను, లేఖలను పట్టి వ్యాకరణమును నిర్మించిరి, నిఘంటువు కూర్చిరి, పిల్లలకు నేర్పిరి. మతమును మాన్పించుటకు అచ్చైన పుస్తకమే మాటను బ్రతికించుటకు సాధనమైనది. దాచినవానికి తాను దేనిని దాచుచున్నాడో తెలియదు. అందుచేత దాచువాడు వినయము కలిగియుండవలయును.

ఇంతవరకు విన్నవారికి తెరచుటయే ధర్మము, మూయుట అధర్మము అని తోచును. మాకును చిరకాలము అట్లే తోచినది. ఇక రెండవ నిదర్శనము వినుడు.

1890 మార్చి నెలలో జెస్సీ వాల్టరు ఫ్యూక్సు అను పరిశోధకుడు అమెరికా యీశాన్యమున మెయిను రాష్ట్రమునకు పోయి, పాసమక్వోడీ జాతివారి పాటలను, కథలను ఎడిసను కనిపెట్టిన శబ్దయంత్రముతో మైనపుగొట్టములమీద పట్టెను. ఆదివాసుల కంఠములను వారి ప్రాంతముననే అట్లు పట్టుట అదియే మొదలందురు. ఆ గొట్టములు వస్తుప్రదర్శనశాలకును, పిమ్మట అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమగు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసునకును చేరినవి. పాడినవారి మనుమలకు, మునిమనుమలకు నూరేండ్లవరకు వానిలో పలికిన యర్థముపై అధికారము లేదు. తుదకు గొట్టములలోని ధ్వనిని శుభ్రపరచి డిజిటలు ప్రతులు చేసినప్పుడు, గ్రంథాలయమువారు ముందుగా ఆ జాతివారిని కూర్చుండబెట్టి వినిపించిరి. వారు విని, పూర్వపు పట్టికలో పరులు వ్రాసిన పేళ్లను తమ భాషలో సరిదిద్దిరి. ఏది లోకము వినవచ్చును, ఏది తమవారే వినవలయును అని చెప్పిరి. 2018లో వారు తెరువవచ్చునన్న పాటలు వారి సూచనలతో ప్రకటితమైనవి. మిగిలినవి వారి యాజ్ఞకు లోబడియున్నవి.

ఇది ఒక్క గ్రంథాలయపు మర్యాద మాత్రము కాదు. 1990లో అమెరికా శాసనసభ ఆదివాసుల అస్థికలను, పూజావస్తువులను తిరిగి ఇప్పించుటకు శాసనము చేసెను గాని, గ్రంథాలయములలోని కాగితములకును శబ్దములకును అది సామాన్యముగా వర్తింపదు. ఆ లోటు తీర్చుటకు 2006లో ఆదివాసీ గ్రంథపాలకులును ఇతరులును కలిసి నియమములు వ్రాసిరి. అమెరికా దస్తరపాలకుల సంఘము వానిని 2018లో ఆమోదించెను. పండ్రెండేండ్లు పట్టినది. ఫిలడెల్ఫియాలో బెంజమిను ఫ్రాంక్లిను 1743లో స్థాపించిన తాత్త్వికసంఘపు గ్రంథాలయము మాత్రము 2014లోనే తన నియమములను ఏర్పరచుకొనెను.

ఈ వార్తను మా మిత్రునితో ముచ్చటించితిమి. ఆయన సంస్కరణాభిలాషి, పూర్వాచారములపై పోరాడినవారి వంశమున పుట్టినవాడు. ఆయన కోపించెను. “తెలిసినదానిని కొందరే వినవలయుననుట మనకు క్రొత్తదా? వేదము శూద్రుని చెవిని పడరాదన్నవారు, స్త్రీకి అక్షరము కూడదన్నవారు చెప్పినది ఇదియే కదా! కందుకూరి వీరేశలింగము పంతులుగారి కాలమునుండి మనము విరుగగొట్టుచువచ్చిన తాళమును చికాగోవారు, ఫిలడెల్ఫియావారు మరల వేయుచుండగా నీవు మెచ్చుకొనుచున్నావా? విద్యకు జాతి యున్నదా?” అని యడిగెను.

ఈ ప్రశ్న చిన్నది కాదు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఇరువదియేండ్లుగా పంతులుపని చేయుచున్న మాకు తెరచిన పుస్తకముకంటె పవిత్రమైనది లేదు. మాకు జవాబు పుస్తకములలో దొరకలేదు. మా తప్పిదములో దొరకినది. దానిని దాచుట ఈ వ్యాసమున తగదు.

మా పాఠశాల మన్యపు సరిహద్దున నున్నది. తొమ్మిదవ తరగతి చదువుచుండిన కోయబాలిక యొకతె, తన మామ్మ పాడుచుండగా ఫోనులో పట్టిన పాటను మాకు తెచ్చి వినిపించినది. ఆ గొంతు, ఆ వరుస మమ్ము ముగ్ధులను చేసినవి. కొండపిల్లల సంస్కృతిని గౌరవింతుమని మాలో మేము పొంగిపోయి, పాఠశాల వార్షికోత్సవమునాడు ఆ పాటను లౌడుస్పీకరులో పెట్టించితిమి. అధికారులు చప్పట్లు కొట్టిరి. మూడవనాడు ఆ వృద్ధురాలు మా వరండాకు వచ్చి నిలిచినది. ఆమె మొగమున కోపము లేదు. “పంతులుగారూ, ఆ పాట మడిసి పోయినప్పుడు పాడేదండి. మీ బడిలో ఎవురు పోయారని పెట్టించారండి?” అని యడిగినది.

మాకు నోట మాట రాలేదు. మేము జ్ఞానమును వెలికి తెచ్చితిమనుకొంటిమి. చావులేని చోట చావుపాట పాడించి, పిల్లల నెత్తిమీద కీడును మోపితిమని ఆమె తలచినది. ఆ కీడును మేము నమ్మము. నమ్మకపోవుట మా హక్కు. కాని ఆమెను అడుగకపోవుట మా హక్కు కాదు. బాలిక ఫోనులో పట్టుటకును, మేము ఊరంతటికి వినిపించుటకును నడుమ, ఆ పాట పాడిన మనిషి యొకతె యున్నదన్న సంగతియే మాకు తోచలేదు. ఆమె మాకు పాటగా కనబడినది; మనిషిగా కనబడలేదు.

ఇప్పుడు మా మిత్రుని ప్రశ్నకు జవాబు చెప్పగలము. తాళమును చూచి తీర్పు చెప్పరాదు. తాళము వేసినదెవరు, ఎవరిమీద వేసిరి అని చూడవలయును. రాజ్యమును, భూమిని, బడిని, కోర్టును చేతబట్టుకొనినవాడు, ఏమియులేనివానికి అక్షరము దక్కకుండ వేసిన తాళము దౌర్జన్యము. అదియే మన దేశమున జరిగినది. భూమిని, పిల్లలను, భాషను కోల్పోయి, తుదకు మిగిలిన పూజగదికి ఒకడు వేసికొనిన గడియ దౌర్జన్యము కాదు. కోటతలుపును బ్రద్దలుకొట్టినవాడు వీరుడు కావచ్చును. అదే గొడ్డలితో గుడిసెతలుపును కొట్టినవాడు వీరుడు కాడు. వేదమును దాచినవారు దానివలన ఇతరులమీద అధికారము నెరపిరి. చావుపాటను చావునాటికి దాచుకొనిన యా ముసలమ్మ ఎవరిమీద అధికారము నెరపినది?

ఇందుండి ఒక విభాగము తేలుచున్నది. గ్రంథాలయములలో ఆదివాసులను గూర్చి ఇతరులు వ్రాసినవి కొన్ని కలవు: ప్రభుత్వపు ఉత్తరములు, సంధిపత్రములు, భూమికొలతల పటములు, పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి ఉంచిన వసతిబడుల దస్తరములు. అవి బలవంతుని చేతివ్రాతలు. బలవంతుని నేరమునకు సాక్ష్యములు. వానిని మూసియుంచుట ఎవరికిని మర్యాద కాదు. అందుండు బాధితుల పేళ్లవిషయమున వారి సంతతివారి సమ్మతి పుచ్చుకొని, తక్కినదంతయు తెరువవలయును. ముందుగా ఆ సంతతివారికే తెరువవలయును. ఏలయన తమ నేల యెట్లు పోయినదో కోర్టులో చూపవలసినవారు వారే. రెండవ తరగతివి ఆదివాసులు తామై పాడినవి, చెప్పినవి, పూజలో వాడినవి. వానిని తెరచుటయు మూయుటయు వారి యిష్టము. మూడవ తాళము మరియొకటి కలదు. దానికి ధర యని పేరు. ఇట్టి సంచయములకు ప్రచురణసంస్థలు చిత్రములు తీసి, చందా కట్టగల విశ్వవిద్యాలయములకు మాత్రము చూపుట కలదు. పాడినవాని మనుమడు తన తాతమాట వినుటకు చందా కట్టవలసివచ్చుటకంటె వికారమైన తాళము లేదు. మా మిత్రుని గొడ్డలికి తగిన తలుపు ఇది.

ఒక సందేహము మాకు నేటికిని తీరలేదు. “ఆ జాతివారిని అడుగుము” అనుట సులభము; జాతి తరపున మాటలాడునదెవరు? పెద్దలా, యువకులా? పురుషులా, స్త్రీలా? పెద్దల మాటనే జాతిమాటగా గొనినచో, ఆ జాతిలోని ఆడుపిల్ల తన మామ్మపాటకు దూరము కావచ్చును. సంస్కర్తయైనవాడు దీనిని మరువరాదు. అయితే ఆ తగవు వారి యింటిలోని తగవు. దానిని వారి యింటి పిల్లలే తీర్చుకొనవలయును. మన యింటిలోని తగవులను మనము తీర్చుకొనుచున్నట్లే. బయటివాడు ఆ తగవును చూపి సొత్తును తనయొద్దనే యుంచుకొనుట న్యాయాధిపతి పని కాదు.

మరియొక ఆక్షేపణయు కలదు. ఆదివాసులు ఈ వస్తువులను ఎవరియొద్దను దాచుకొనలేదు. చాలవరకు వారినుండి కొనిపోయినవే కదా, నిక్షేపధర్మము వీనికెట్లు వర్తించునని యడుగవచ్చును. నిజమే. నమ్మి యిచ్చినదానినే యిచ్చినట్లు తిరిగి ఈయవలయునన్నచో, అడుగకయే తెచ్చుకొనినదాని విషయమున బాధ్యత పెరుగునే కాని తరుగదు. సొంతదారునకు తెలియక మన యింట చేరిన సొత్తును నిక్షేపముగా భావించుట మనకు మిగిలిన గౌరవమార్గము. మరియొక విధముగా భావించినచో దానికి ధర్మశాస్త్రమున వేరొక పేరు కలదు. ఆ పేరు ఎవరికిని ఇంపుగా నుండదు.

ఇది దూరదేశపు కథ యని తెలుగువారు ఊరకుండ వీలులేదు. 1940లో కొమురం భీము జోడేఘాటు కొండలలో నేలకొరిగెను. ఆ కాలముననే నైజాము రాజ్యమున పరిశోధన కుపక్రమించిన ఆస్ట్రియా దేశీయుడు ఫ్యూరర్ హైమెండార్ఫు, చెంచులను గూర్చి 1943లోను, కొండరెడ్లను గూర్చి 1945లోను, ఆదిలాబాదు రాజగోండులను గూర్చి 1948లోను గ్రంథములు ప్రకటించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు లండనునందలి సోయాస్ విద్యాలయమున నున్నవి. వాని డిజిటలు ప్రతులు ఇంటర్నెట్టులో చూడవచ్చును. నల్లమలలోని చెంచుబాలునకు తన ముత్తాత మొగము అందుండవచ్చును. ఆ మొగమునకు పేరు చెప్పగల వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు. ఆ చిత్రములను పెంటపెంటకు కొనిపోయి, “వీరెవరు? వీరిని లోకము చూడవచ్చునా?” అని యడుగు పని లండనువారిది మాత్రము కాదు, మన బడిపంతుళ్లది, మన విశ్వవిద్యాలయములది.

మనయొద్దనే మంచి మార్గమునకును నిదర్శనము కలదు. ఆదిలాబాదు ప్రాంతమున గుంజాల గ్రామమందు గోండీభాషకు ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన ప్రతులు “దొరకినవి” యని లోకము చెప్పుకొనినది. ఆ యూరి పెద్దలకు అవి యెన్నడును పోలేదు. ఆ లిపి చదువగలవారు వారిలోనే యుండిరి. పండితులు వారియొద్ద కూర్చుండి నేర్చుకొనిరి. 2018లో ఆ లిపికి కంప్యూటరు అక్షరముల ప్రపంచపట్టికయగు యూనికోడునందు స్థానము కలిగినది. గ్రామము గురువు, పండితుడు శిష్యుడు. ఈ వరుస తలక్రిందులు కానంతవరకు డిజిటలు ప్రతి మేలే చేయును.

కావున గ్రంథపాలకునకును, పండితునకును, మావంటి పంతులునకును ధర్మములు మూడు. చెడకుండ కాపాడుట మొదటిది. ఆ విషయమున అమెరికా గ్రంథాలయముల శ్రద్ధ మనకు సిగ్గు కలిగింపదగినది. తెరచుటకు ముందు అడుగుట రెండవది. అడిగినవారికి ఆలస్యము లేక, ధర లేక అందించుట మూడవది. వీనిలో రెండవది మరచినవాడు మొదటిదానికి పొందవలసిన కీర్తిని పోగొట్టుకొనును.

ఆ వృద్ధురాలికి జవాబు చెప్పలేక నిలిచిన మేము, కొంతసేపటికి, “అవ్వా, తప్పు జరిగినది. ఆ పాటను ఫోనునుండి తుడిచివేయుదుము” అంటిమి. ఆమె తల అడ్డముగా ఆడించినది. “తుడిపెయ్యకండి, దాచండి. నేను పోయిన్రోజున పిల్లకి వినిపించండి. అప్పటికి దానికి రాకపోతే, విని పాడుద్ది” అన్నది.

మేము అడుగకయే తీసికొనినదానిని ఆమె అట్లు మమ్ము నమ్మి అప్పగించినది. ఆ పాట నేటికిని మాయొద్ద నున్నది. బాలిక పై చదువులకు పోయినది. సెలవులలో వచ్చినప్పుడు మామ్మకు సుఖమేనా యని అడుగుచుందుము. సుఖమే యని చెప్పినప్పుడెల్ల మాకు సంతోషము. ఆ పాటను మేము మరల వినలేదు.